రాష్ట్రపతి అంగరక్షకదళం: కూర్పు, నమ్మకం, గణతంత్రం

వ్యాససంగ్రహం

పాలకుడి దేహానికి కాపలాగా ఎవరిని నిలబెడతారన్నదాన్ని బట్టి ఆ పాలనకు ఎవరిమీద నమ్మకం ఉందో, ఎవరిమీద లేదో తెలుస్తుంది. 1773లో వారెన్ హేస్టింగ్స్ కాశీలో ఏర్పరచిన ఒక చిన్న ఆశ్వికదళం గవర్నర్ జనరళ్ళ, వైస్రాయిల కాలాలను దాటి, 1950 నుంచి రాష్ట్రపతి అంగరక్షకదళంగా కొనసాగుతున్నది. ఈ రెండున్నర శతాబ్దాలలో ఆ దళంలోకి ఎవరిని తీసుకున్నారు, ఎవరిని పక్కన పెట్టారు అన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1800 నుంచి సుమారు అరవై ఏళ్ళపాటు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి సాగిన భర్తీకి, 1857 తరువాత దాని దిశ మారడానికి, స్వాతంత్ర్యానంతరం దళం మూడు సామాజికవర్గాలకు పరిమితం కావడానికి మధ్య ఉన్న సంబంధాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: అంగరక్షకులు, రాష్ట్రపతి, ఆశ్వికదళం, లెంకలు, తిలంగాలు, సైనికభర్తీ, కులం, రాజ్యాంగం.

1. ఉపోద్ఘాతం

గణతంత్ర దినోత్సవం నాడు రాష్ట్రపతి వేదిక దగ్గరకు వచ్చేటప్పుడు ముందూ వెనుకా నడిచే గుర్రపురౌతులను దేశమంతా ఏటా చూస్తూనే ఉంటుంది. చలికాలంలో ఎర్రకోటు, వేసవిలో తెల్లకోటు, నీలం బంగారు వన్నెల తలపాగా, మోకాళ్ళు దాటిన బూట్లు, చేతిలో ఎరుపు తెలుపు చిరుజెండా కట్టిన బల్లెం. గుర్రాలన్నీ గోధుమవన్నెవి. బాకా ఊదే రౌతు గుర్రం ఒక్కటే బూడిదవన్నెది. సుమారు రెండు వందల మంది ఉన్న ఈ దళం భారతసైన్యపు వరుసక్రమంలో అందరికన్నా ముందు నిలుస్తుంది.

పేరు అంగరక్షకదళమే అయినా, రాష్ట్రపతి దైనందిన భద్రతను ప్రధానంగా చూసేది పోలీసు భద్రతావిభాగాలు. దళం చేసే పని రెండు విధాలు: ఒకటి ఉత్సవవిధి, రెండవది యుద్ధవిధి. దళంలోని సైనికులు గుర్రపుస్వారీతోపాటు సాయుధశకటాలు నడపడంలోను, విమానం నుంచి పారాచూట్‌తో దూకడంలోను శిక్షణ పొందుతారు. 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు లడఖ్‌లోని చుషూల్‌కు వెళ్ళారు. శ్రీలంకలో శాంతిసేనతో పనిచేశారు. సియాచిన్ హిమానీనదం మీద కాపలా కాశారు. సోమాలియా, అంగోలా, సియెర్రా లియోన్ దేశాలలో ఐక్యరాజ్యసమితి తరఫున నిలిచారు. కనుక వీరిని అలంకారపు బొమ్మలుగా తీసివేయడం అన్యాయం. అయితే పరిశోధకుడి దృష్టిలో పడవలసిన అసలు విషయం వారి దుస్తుల్లోనో, శౌర్యంలోనో కాక, వారి ఎంపికలో ఉంది.

2. అంగం, రాజ్యాంగం

అంగరక్షకుడు అన్న మాటలో అంగమంటే దేహం. ప్రాచీన రాజనీతిగ్రంథాలు అంగమనే మాటను మరో విధంగా కూడా వాడాయి. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అనే ఏడింటిని రాజ్యానికి అంగాలుగా చెప్పాయి. రాజు ఆ ఏడింటిలో మొదటివాడే కావచ్చు గాని, ఏడింటిలో ఒకడు మాత్రమే. తెలుగులో రాజ్యాంగం అన్న మాట ఈ సప్తాంగభావన నుంచి వచ్చింది. హిందీవారు సంవిధానమని పిలుచుకుంటున్న గ్రంథానికి తెలుగువారు ఆ పాత మాటనే పెట్టుకున్నారు. రాజ్యాంగంలోని 60వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి చేసే ప్రమాణం రాజ్యాంగాన్ని పరిరక్షిస్తానని. ఆ రాష్ట్రపతిని రక్షించే దళం పేరేమో అంగరక్షకదళం. తెలుగు మాటలలో తప్ప ఈ పొందిక ఇంత స్పష్టంగా కనిపించదు. దేహాన్ని కాచేవాడి విధేయత దేహానికా, ఆ దేహం ప్రమాణం చేసిన గ్రంథానికా అన్న ప్రశ్న ఈ రెండు మాటల నడుమే ఉంది.

మధ్యయుగ దక్షిణభారతంలో ఈ ప్రశ్నకు సమాధానం నిస్సంకోచంగా దేహానికే అని వచ్చేది. కాకతీయుల కాలపు శాసనాలలో, తెలుగు కావ్యాలలో కనిపించే లెంకలు ప్రభువుతో జీవితాన్ని ముడివేసుకున్న సేవకభటులు. ఆ మాట నేటికీ ఒడిశాలోను ఉత్తరాంధ్రలోను ఇంటిపేరుగా నిలిచి ఉంది. హొయ్సళరాజ్యంలో ఈ ఆచారం ఇంకా ముందుకు వెళ్ళింది. గరుడులని పేరుపొందిన అంగరక్షకులు రాజు చనిపోతే తామూ చనిపోతామని ప్రతిజ్ఞ చేసేవారు. రెండవ వీరబల్లాళుడు మరణించినప్పుడు కువర లక్ష్మ అనే గరుడుడు, అతడి భార్య, వారి అనుచరులు ప్రాణాలు విడిచిన వృత్తాంతాన్ని హళేబీడు హొయ్సళేశ్వరాలయం దగ్గరి స్తంభశాసనం నమోదు చేసింది. కన్నడశాసనాలలో జోళవాళి అనే మాట ఉంది. తిన్న జొన్నకూటికి తీర్చవలసిన ఋణమని దానర్థం. తెలుగులో ఉప్పు తిన్న ఋణం అని ఇప్పటికీ అనుకునేది అదే.

ఈ వ్యవస్థలో అంగరక్షకుడి కులం ముఖ్యం కాదని చెప్పడానికి వీలులేదు. కాని అతడిమీద నమ్మకానికి ఆధారం అతడు స్వయంగా పట్టిన వ్రతం. రాజుకూ భటుడికీ మధ్య ముఖాముఖి బంధం ఉంది. వలసపాలకుడికి ఆ బంధం ఉండే అవకాశం లేదు. కలకత్తాలో దిగిన గవర్నర్ జనరల్ అయిదారేళ్ళు ఉండి ఓడ ఎక్కేవాడు. అతడి ఉప్పు తిని అతడి కోసం చితిమీదికి ఎక్కే లెంక అతడికి దొరకడు. వ్యక్తి ప్రతిజ్ఞ లేనిచోట నమ్మకానికి మరో కొలత కావాలి. కంపెనీ ప్రభుత్వం కనుగొన్న కొలత సమూహం: ఏ ప్రాంతంవాడు, ఏ మతంవాడు, ఏ కులంవాడు అన్నది.

3. కాశీలో పుట్టిన దళం

బెంగాల్ గవర్నరుగా ఉన్న వారెన్ హేస్టింగ్స్ 1773 సెప్టెంబరులో కాశీలో ఉండగా యాభైమంది రౌతులను ఎంపిక చేసి తన రక్షకదళంగా ఏర్పరచుకున్నాడు. వారు అంతకుముందు మొగల్ హార్స్ అనే ఆశ్వికదళంలో పనిచేసినవారు. అదే ఏడాది కాశీరాజు చేత్‌సింగ్ మరో యాభైమందిని పంపాడు. స్వీనీ టూన్ అనే కెప్టెన్ మొదటి అధిపతి అయ్యాడు. అప్పటికి గవర్నర్ జనరల్ అనే పదవి ఇంకా అమలులోకి రాలేదు. పదవి కన్నా దాన్ని కాచే దళమే ముందు పుట్టింది.

యాభైమంది భటులను కానుకగా ఇచ్చిన చేత్‌సింగ్ కథ ఇక్కడ చెప్పుకోదగ్గది. ఎనిమిదేళ్ళ తరువాత, 1781లో, అదనపు ధనం కోసం ఒత్తిడి చేసిన హేస్టింగ్స్ అదే కాశీలో చేత్‌సింగును నిర్బంధించాడు. నగరం తిరగబడింది. హేస్టింగ్స్ చునార్ కోటకు పారిపోయి ప్రాణం దక్కించుకున్నాడు. చేత్‌సింగు రాజ్యం పోయింది. ఇంగ్లండులో హేస్టింగ్స్‌పై నడిచిన అభియోగాలలో ఈ వ్యవహారం ప్రధానమైనది. భటులను ఇచ్చినవాడికి ఆ భటుల వల్ల భద్రత రాలేదు.

దళం తొలి పోరాటం 1773-74 ప్రాంతంలో బెంగాల్‌లో తిరుగాడిన సన్యాసుల మీద అని దళచరిత్ర చెబుతుంది. కంపెనీ దృష్టిలో వారు సన్యాసివేషం వేసుకున్న దోపిడీదారులు. నూరేళ్ళ తరువాత బంకించంద్రుడు ఆనందమఠం నవలలో ఆ సన్యాసులనే దేశభక్తులుగా చిత్రించాడు. వందేమాతరగీతం ఆ నవలలోనిది. 1950లో ఆ గీతానికి జాతీయగీతంతో సమానమైన గౌరవం దక్కింది. అదే ఏడాది, సన్యాసులను తరిమిన దళం రాష్ట్రపతి అంగరక్షకదళమయింది. చరిత్రలో ఇటువంటి ఎదురెదురు వారసత్వాలు ఒకే ప్రాంగణంలో చేరడం వింతేమీ కాదు గాని, సాహిత్యవిద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం.

4. మద్రాసు అరవై ఏళ్ళు

తొలి పాతికేళ్ళు దళంలో అవధ్ ప్రాంతపు ముస్లిములు ఎక్కువగా ఉండేవారు. 1800 ప్రాంతంలో భర్తీకేంద్రం అవధ్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. తరువాత సుమారు అరవై ఏళ్ళు గవర్నర్ జనరల్ అంగరక్షకులు దక్షిణాది నుంచి వెళ్ళారు. మద్రాసు ఆశ్వికదళంలో చేరే వర్గాల నుంచే వీరినీ తీసుకున్నారు. ఆ ఆశ్వికదళంలో దక్కను, కర్ణాటక ప్రాంతాల ముస్లిములు అధికం. సర్కారుజిల్లాలు అప్పటికే మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. రాయలసీమ 1800లోనే నిజాం నుంచి కంపెనీకి దత్తమండలాలుగా వచ్చింది. కనుక కలకత్తాలో గవర్నర్ జనరల్ వెంట నడిచిన రౌతులను ఎంచిన భూభాగంలో తెలుగుదేశం పెద్ద భాగం. జావా దండయాత్రలో (1811), బర్మా యుద్ధంలో (1824-26), 1845-46లో సట్లెజ్ తీరాన సిక్కులతో జరిగిన ముద్కీ, ఫిరోజ్‌షా, అలీవాల్, సొబ్రావ్ యుద్ధాలలో దళం పాల్గొని కీర్తిచిహ్నాలు పొందింది. ఈ యుద్ధాల కాలమంతా దళం దక్షిణాదివారి మీద నిలిచిన కాలమే.

బెంగాల్ సైన్యమంతా అవధ్, బిహారుల అగ్రకులాల సిపాయిలతో నిండి ఉండగా, దాని అధిపతి తన అంగరక్షకులను వేయి మైళ్ళ దూరం నుంచి ఎందుకు తెప్పించుకున్నాడు? దీనికి రాజనీతిలో పాత సూత్రమొకటి తోడ్పడుతుంది. అంగరక్షకుడికి రాజధానిలో చుట్టాలుండరాదు. బైజాంటియం చక్రవర్తులు ఉత్తరఐరోపా యోధులను, పోపులు స్విస్ సైనికులను కాపలా పెట్టుకున్నది ఈ లెక్కతోనే. రోమునగరంలో ప్రిటోరియన్ రక్షకులు క్రీ.శ. 193లో చక్రవర్తిని చంపి, సింహాసనాన్ని వేలానికి పెట్టిన ఉదంతం పాలకులెవరూ మరచిపోయేది కాదు. కలకత్తాలో దక్షిణాది రౌతు పరాయివాడు. చుట్టూ ఉన్న సిపాయిలతో అతడికి కులబంధం లేదు, భాషాబంధం లేదు. ఆ పరాయితనమే అతడి అర్హత అయి ఉంటుందని ఊహించడం సమంజసం.

ఇక్కడ తెలుగువారి పేరుతో ముడిపడిన ఒక మాటను ప్రస్తావించాలి. 1757 నాటికి క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కు తీసుకువెళ్ళిన సిపాయిలలో తెలుగుదేశంవారు ఎందరో ఉన్నారు. వారిని చూసిన ఉత్తరాదిప్రజలు సిపాయి అన్నవాడిని తిలంగా అని పిలవడం మొదలుపెట్టారు. క్రమంగా ఆ సిపాయి అవధ్ బ్రాహ్మణుడైనా, భోజ్‌పూర్ రాజపుత్రుడైనా తిలంగాయే అయ్యాడు. 1857లో ఢిల్లీలో ప్రవేశించిన తిరుగుబాటు సిపాయిలను నాటి ఉర్దూరచనలు తిలంగేలని రాశాయి. ఆ సిపాయిలలో తెలుగువారు లేరు. పేరు మాత్రం తెలుగువారిది.

5. నమ్మకం దిశ మారడం

1857లో తిరగబడింది బెంగాల్ సైన్యం. మద్రాసు సైన్యం దాదాపు పూర్తిగా కంపెనీ పక్షాన నిలిచింది. విధేయతకు ప్రతిఫలం ఉంటుందనుకుంటే అంగరక్షకదళంలో దక్షిణాదివారి స్థానం గట్టిపడాలి. జరిగింది దానికి విరుద్ధం. తిరుగుబాటు అణగిన తరువాత భర్తీకేంద్రం దక్షిణం నుంచి ఉత్తరానికి మారింది. 1883లో తొలిసారి సిక్కులను, 1887లో పంజాబీ ముస్లిములను తీసుకున్నారు. 1895లో బ్రాహ్మణుల, రాజపుత్రుల భర్తీని ఆపివేశారు. ఆపైన దళం సగం సిక్కులు, సగం పంజాబీ ముస్లిములుగా స్థిరపడింది.

ఈ మార్పు వెనుక ఉన్నది యోధజాతుల సిద్ధాంతం. కొన్ని జాతులు పుట్టుకతోనే యుద్ధానికి తగినవి, మిగిలినవి తగనివి అన్న ఈ వాదానికి ప్రముఖ ప్రతినిధి లార్డ్ రాబర్ట్స్. మద్రాసు సైన్యానికి 1881 నుంచి 1885 వరకు, తరువాత భారతదేశపు సైన్యానికి 1893 వరకు సర్వసేనానిగా ఉన్నవాడు. 1897లో అచ్చయిన తన స్మృతిగ్రంథంలో మద్రాసు సైనికుల యుద్ధపటిమ తగ్గిపోయిందన్న అభిప్రాయాన్ని దాచుకోలేదు. ఒకప్పుడు సిపాయి అన్న మాటకే తన పేరునిచ్చిన ప్రాంతం, శతాబ్దం తిరిగేసరికి సిపాయి పనికి తగనిదయింది. 1920లు ముగిసేనాటికి మద్రాసు పదాతిదళాలు దాదాపు కనుమరుగయ్యాయి. రెండవ ప్రపంచయుద్ధంలో మనుషుల అవసరం వచ్చాకగాని అవి మళ్ళీ లేవలేదు. అవసరం ముందు సిద్ధాంతం నిలవలేదన్నమాట.

1800లో దక్షిణాదివాడు తగినవాడు కావడానికి గాని, 1895 తరువాత తగనివాడు కావడానికి గాని అతడి దేహంలో వచ్చిన మార్పు కారణం కాదు. ఏనాటికి ఆనాడు పాలకుడి భయాల పట్టిక మారింది. సిక్కులు, పంజాబీ ముస్లిములు సగం సగం అన్న లెక్క కూడా దేహదారుఢ్యానికి సంబంధించినది కాదు. రెండు సమూహాలను తూకంలో పెట్టి, ఏ ఒక్కదాని మీదా పూర్తిగా ఆధారపడకుండా ఉండే పరిపాలనోపాయం అది.

6. 1947: సగం ఖాళీ

ఆ తూకమే దేశవిభజన నాటికి దళాన్ని నిట్టనిలువుగా చీల్చడానికి పనికివచ్చింది. పంజాబీ ముస్లిములు పాకిస్తానుకు వెళ్ళారు, సిక్కులు ఇక్కడ ఉన్నారు. దళపు తొలి భారతీయ అధిపతి ఠాకూర్ గోవింద్‌సింగ్. ఆయన కింద పనిచేసిన సాహెబ్‌జాదా యాకూబ్‌ఖాన్ రాంపూరు రాజవంశీకుడు. ఆయన పాకిస్తానును ఎంచుకుని, తరువాతి కాలంలో ఆ దేశానికి విదేశాంగమంత్రి అయ్యాడు. ఆస్తులను రెండుకు ఒకటి చొప్పున పంచుకున్నారు. వైస్రాయి బంగారుపూత బండి ఒక్కటే కావడంతో దాన్ని పంచడం కుదరక, ఇద్దరు అధికారులూ నాణెం ఎగరవేశారని, పందెం గోవింద్‌సింగ్ వైపు పడిందని ప్రసిద్ధమైన కథనం. చెప్పుకోవడానికి బాగుండే కథ కనుక బండి గురించి అందరూ రాశారు. మనుషులను పంచిన తీరు గురించి రాసినవారు తక్కువ. బొమ్మాబొరుసుతో తేలనిది, మతంతో ముందే తేలిపోయినది అదే.

ఏర్పడిన ఖాళీని ఎలా పూరించాలన్న ప్రశ్న స్వతంత్ర ప్రభుత్వం ముందుకు వచ్చింది. దేశమంతటి నుంచి మనుషులను తీసుకోవడానికి అంతకన్నా అనువైన సమయం దళచరిత్రలో ముందెప్పుడూ లేదు, తరువాతా రాలేదు. జరిగిందేమిటంటే, జాట్ సిక్కులకు తోడు హిందూజాట్‌లు, రాజపుత్రులు చేరి మూడు వర్గాల కూర్పు స్థిరపడింది. ఆ వర్గాల వెలుపలివారు దళంలో వంట, పారిశుద్ధ్యం, అశ్వసంరక్షణ వంటి సహాయకవిధుల్లో కనిపించవచ్చునేమో గాని, బల్లెం పట్టిన రౌతు ఆ మూడింటిలో ఒక వర్గంవాడే.

1950 జనవరి 26న బాబూ రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతిభవనం నుంచి ఇర్విన్ స్టేడియానికి వెళ్ళిన బండి ముప్ఫై అయిదేళ్ళ పాతది. దాన్ని బాగుచేయించి, కొత్తగా అశోకుని సింహస్తంభపు ముద్ర వేశారు. లాగినవి ఆరు ఆస్ట్రేలియా గుర్రాలు. చుట్టూ నడిచింది అంగరక్షకదళం. బండిమీది ముద్ర, దళం పేరు మారాయి. ఎంపికపద్ధతి మారలేదు.

7. వెండిబాకా

దళానికి మాత్రమే ఉన్న గౌరవమొకటి వెండిబాకా. దళం ఏర్పడి నూటయాభై ఏళ్ళు నిండిన 1923లో వైస్రాయి లార్డ్ రీడింగ్ వెండిబాకాను, దానికి కట్టే పతాకాన్ని బహూకరించాడు. తరువాతి పాలకులూ ఆ ఆచారాన్ని పాటించారు. రాజేంద్రప్రసాద్ 1957లో ఇచ్చారు. ద్రౌపదీ ముర్ము 2022 అక్టోబరులో ఇచ్చారు. భారతసైన్యంలో మరే దళానికీ ఈ అధికారం లేదు. ప్రతి రాష్ట్రపతీ తన పతాకాన్ని కొత్తగా ఇవ్వడంలో ఒక పాత స్పృహ మిగిలి ఉంది. దళానికి పదవితోపాటు పదవిలో ఉన్న మనిషితో కూడా బంధం ఉండాలన్నది దాని అంతరార్థం. లెంకల వ్రతానికి అది సౌమ్యమైన దూరపుబంధువు.

ఆ పతాకాలను ఇచ్చిన చేతులను ఒకసారి తలచుకోవాలి. సర్వేపల్లి రాధాకృష్ణన్, వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి తెలుగుకుటుంబాలలో పుట్టినవారు. జాకిర్ హుసేన్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్, అబ్దుల్ కలాం ముస్లిములు. కె.ఆర్.నారాయణన్, రామ్‌నాథ్ కోవింద్ దళితులు. ముర్ము సంతాల్ ఆదివాసి. వీరిలో ఎవరి సొంత ఊరి యువకుడైనా, ఎంత ఎత్తున్నా, ఎంత చక్కని రౌతైనా, ఆ వర్గాలలో పుట్టనందువల్ల ఈ దళంలో బల్లెం పట్టే అవకాశం లేదు. సర్వసైన్యాధిపత్యాన్ని 53వ అధికరణం అప్పగించిన పదవికి ఎవరైనా ఎదగవచ్చు. ఆ పదవి పక్కన గుర్రంమీద కూర్చోవడానికి మాత్రం పుట్టుక అడ్డువస్తుంది.

సమూహాన్నిబట్టి నమ్మకాన్ని కొలిచే పద్ధతికి 1984 ఒక కఠినమైన పరీక్ష. ఆ ఏడాది అక్టోబరు 31న ప్రధాని ఇందిరాగాంధీని హత్య చేసినది ఆమె భద్రతావిధుల్లో ఉన్న పోలీసులే. వారు సిక్కులు. అప్పటి రాష్ట్రపతి జైల్‌సింగ్ కూడా సిక్కే. అంగరక్షకదళంలో సిక్కుల స్థానం ఆ తరువాతా యథాతథంగా కొనసాగింది. అది సరైన నిర్ణయం. అయితే ఆ నిర్ణయంలో ఒక ఒప్పుకోలు ఉంది: మనిషి విధేయతను అతడి వర్గంతో కొలవకూడదని. అదే నియమాన్ని లోపలికి రానివ్వవలసినవారి విషయంలోనూ పాటిస్తే మూడు వర్గాల గీత నిలవదు. భద్రతాకారణాలతో ఆగిపోయిన గుర్రపుబండి వాడుక 2014లో ప్రణబ్ ముఖర్జీ హయాంలో తిరిగి మొదలయింది. 2024 గణతంత్రవేడుకకు ముర్ము, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ దానిలోనే వచ్చారు.

8. న్యాయస్థానంలో ఎత్తూ, కులమూ

సైన్యంలో వర్గాలవారీ భర్తీని ప్రశ్నించే వ్యాజ్యం ఒకటి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, 2013లో సైన్యం తన వైఖరిని వివరించింది. కులం, ప్రాంతం, మతం ఆధారంగా తాము భర్తీ చేయడం లేదని, కొన్ని రెజిమెంట్లలో ఒక ప్రాంతంవారిని ఒకచోట చేర్చడానికి పరిపాలన, యుద్ధావసరాలు కారణమని చెప్పింది. అంగరక్షకదళం విషయంలో మాత్రం ఉత్సవవిధులకు ఒకే తీరు ఎత్తు, దేహనిర్మాణం, రూపం, వేషం కావాలన్న వాదాన్ని ముందుకు తెచ్చింది. 2017లో జరిగిన భర్తీని సవాలు చేస్తూ హరియాణా యువకుడొకరు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళగా, 2018 డిసెంబరులో కోర్టు కేంద్రప్రభుత్వానికీ సైన్యానికీ నోటీసులిచ్చింది. ఆ యువకుడి ఫిర్యాదు సరళమైనది: కులం తప్ప మిగిలిన అర్హతలన్నీ తనకున్నాయన్నది.

సైన్యం చెప్పిన కారణాన్ని తేలికగా తీసిపారేయకూడదు. కవాతులో ఒకరికొకరు సరిపోలకపోతే వేడుక శోభ తగ్గుతుందన్నది నిజం. కాని ఎత్తును కొలిచే సాధనం టేపు. ఆరడుగుల కనీసపరిమితిని అందరికీ పెట్టి, దానిని అందుకున్నవారందరినీ పోటీకి రానిస్తే రూపసామ్యం దెబ్బతినదు. అంతేకాక, గడ్డంతో ఉన్న సిక్కు రౌతు, గడ్డంలేని రాజపుత్ర రౌతు పక్కపక్కన నిలిచే దళంలో ఒకే రూపమన్న వాదానికి మొదటినుంచీ సడలింపు ఉండనే ఉంది. ఆ సడలింపు ముగ్గురి మధ్య సాధ్యమైతే నాలుగోవాడి దగ్గర ఎందుకు అసాధ్యమవుతుందో చెప్పే బాధ్యత దళానిది.

చట్టం దృష్టితో చూసినా ఈ నిబంధనకు బలమైన ఆధారం కనబడదు. ప్రాథమికహక్కులను సాయుధదళాల విషయంలో పరిమితం చేసే అధికారాన్ని 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. సైనికులు విధులు సరిగా నిర్వర్తించడానికి, క్రమశిక్షణ నిలవడానికి అవసరమైనంతమేరకే ఆ అధికారం. పార్లమెంటు చేసిన సైనికచట్టం, 1950లో విదేశీయుల గురించి 11వ సెక్షన్, స్త్రీల గురించి 12వ సెక్షన్ అనర్హతలను చెబుతాయి. కులాన్నిబట్టి అనర్హతను చెప్పే సెక్షన్ ఆ చట్టంలో లేదు. అంటే మూడు వర్గాల గీత పార్లమెంటు గీసినది కాదు. కార్యాలయపు వాడుకగా వచ్చినది. ప్రభుత్వోద్యోగాలలో కులవివక్షను నిషేధించిన 16వ అధికరణం ముందు వాడుక ఎంతకాలం నాటిదన్నది ప్రమాణం కాజాలదు. అసలు ఈ వాడుక అంత పాతది కూడా కాదు. 1773లో లేదు, 1800లో లేదు, 1895లో లేదు. 1947 తరువాత ఏర్పడిన కూర్పును రెండున్నర శతాబ్దాల సంప్రదాయంగా చెప్పడం దళచరిత్రకు విరుద్ధం.

ఒకే భాష, ఒకే తిండి, ఒకే యుద్ధనినాదం ఉన్న వర్గాలవారీ రెజిమెంట్లు పోరాటంలో గట్టిగా నిలుస్తాయన్న అభిప్రాయం సైన్యంలో బలంగా ఉంది. మద్రాస్, సిక్కు, గూర్ఖా రెజిమెంట్ల చరిత్ర దానికి కొంత సాక్ష్యమిస్తుంది కూడా. అయితే ఆ రెజిమెంట్లు దేశం మొత్తానికి ప్రతిరూపమని చెప్పుకోవు. రాష్ట్రపతి పక్కన నిలిచే దళానికి ఆ వెసులుబాటు లేదు. పైగా ఇదే సైన్యంలో ఇంకో మార్గం 1949లోనే తెరుచుకుంది. తొలి భారతీయ సర్వసేనాని కరియప్ప బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్ అనే పదాతిదళాన్ని ఏర్పరచి, అన్ని ప్రాంతాల, అన్ని కులాల యువకులను ఒకే రెజిమెంటులో చేర్చాడు. ఆ గార్డ్స్ యుద్ధాలలో వెనుకబడలేదు, రాజపథంమీద కవాతులో అడుగు తప్పలేదు.

రాష్ట్రపతిభవనంలో శనివారాలలో జరిగే కాపలామార్పు వేడుకను ఇప్పుడు సాధారణప్రజలు చూడవచ్చు. అక్కడ రెండు దళాలు కలిసి నిలుస్తాయి. ఒకటి గుర్రాలమీది అంగరక్షకదళం. రెండవది భవనానికి కాపలా కాసే పదాతిపటాలం. ఈ పటాలం శాశ్వతం కాదు. కొంతకాలానికొకసారి ఒక రెజిమెంటు పటాలం వెళ్ళి మరో రెజిమెంటు పటాలం వస్తుంది. నేలమీద నిలిచిన ఆ వరుసలో కొండప్రాంతంవాడు, దక్షిణాదివాడు, దళితుడు, వంతు వచ్చినప్పుడు ఎవరైనా ఉంటారు. వారి తుపాకి పట్టిన తీరులోగాని, అడుగు కలిపిన తీరులోగాని వేడుకకు లోటు వచ్చిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.